తప్పు లేదని కోర్టు చెప్పాక కూడా మా బాబాయి ఎందుకు తేరుకోలేకపోతున్నాడు?

సూర్యాపేట_అబ్బాయి

మా బాబాయి లారీ డ్రైవర్. కొన్నేళ్ల కిందట విజయవాడ హైవే మీద, ఊరి పేరు చెప్పను, పక్క దారిలోంచి సైకిల్ మీద ఒక పిల్లాడు ఉన్నట్టుండి రోడ్డెక్కేశాడు. బాబాయి బ్రేకు తొక్కాడు, స్టీరింగ్ కట్ చేశాడు, అయినా తగిలింది. బండి వదిలేసి పారిపోలేదు. తనే పిల్లాణ్ని ఎత్తుకుని, వెనకాల వస్తున్న కారు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బతకలేదు.

బాబాయికి తాగే అలవాటు లేదు. ఆ రోజు స్పీడు ఎక్కువేం లేదు, ముందు రాత్రి ఇంట్లోనే పడుకున్నాడు, బండికి బ్రేకులు బాగానే ఉన్నాయి. చూసినవాళ్లు పోలీసులకు ఇదే చెప్పారు. కోర్టు కేసు కొట్టేసింది.

అయినా మనిషి మామూలు కాలేదు. ఇప్పటికీ ఆ కుటుంబానికి వీలైనప్పుడల్లా డబ్బు పంపిస్తాడు. దాని మీద పిన్నికి ఆయనకి ఇంట్లో గొడవలు. "జడ్జి గారే నీ తప్పు లేదన్నాక ఇంకా ఏంటి నీకు" అని పిన్ని, నాన్న, నేను, అందరం అదే పాట. ఆయన వింటాడు, తల ఊపుతాడు, ఏం మారదు. ఆయనతో పాటే అదే ఓనర్ దగ్గర పనిచేసే ఇంకో డ్రైవర్ ఉన్నాడు, దాబా దగ్గర క్వార్టర్ వేసుకుని మరీ బండెక్కుతాడు, ఫోన్‌లో వీడియోలు చూస్తూ నడుపుతాడు. ఇప్పటిదాకా ఆయన బండికి గీత కూడా పడలేదు, హాయిగా నిద్రపోతాడు. నాకు దీన్ని చూస్తే కడుపు మండుతుంది.

నేను అడిగేది ఏంటంటే, తప్పు లేని చోట బాధ్యత అనేది ఉంటుందా? ఉంటే ఎక్కడి నుంచి వస్తుంది? బాబాయికి ఎలాగైనా నచ్చజెప్పి ఇందులోంచి బయటికి లాగాలా? దయచేసి "అంతా ఖర్మ" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, అది ఇంట్లో చాలామంది చెప్పారు.

జిల్లాకోర్టు_దారి

ఇలాంటి కేసుల్లో వాదిస్తుంటాను కాబట్టి చట్టం వైపు నుంచి చెప్తాను. క్రిమినల్ కోర్టు మీ బాబాయి గారి విషయంలో అడిగింది ఒకే ప్రశ్న: దుడుకుగా గానీ నిర్లక్ష్యంగా గానీ నడిపాడా? ఐపీసీ ఉన్నప్పుడు అది 304ఎ, రెండేళ్ల దాకా జైలు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 106(1), ఐదేళ్ల దాకా. నిర్లక్ష్యం రుజువు కాకపోతే ప్రాణం పోయినా అది నేరం కాదు. కోర్టు "నేరం లేదు" అంది, అంతవరకే. "మీకూ ఆ పిల్లాడికీ ఏ సంబంధమూ లేదు" అని ఏ కోర్టూ అనలేదు, అనదు కూడా.

చట్టంలో బాధ్యత అంటే శిక్ష ఒక్కటే అనుకోకండి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చూడండి. ప్రమాదం జరిగితే గాయపడినవాళ్లకు వైద్యం అందేలా డ్రైవర్ చూడాలి, జనం కొట్టడానికి మీద పడితేనో తన చేతిలో లేని కారణం ఉంటేనో తప్ప. తప్పు ఎవరిదన్న ప్రశ్నే అక్కడ లేదు. మీ బాబాయి గారు చేసింది సరిగ్గా అదే. 164వ సెక్షన్, 2019 సవరణతో వచ్చింది, దాని ప్రకారం తప్పు ఎవరిదో నిరూపించనక్కర్లేకుండానే చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు బండి ఓనర్ గానీ ఇన్సూరెన్స్ కంపెనీ గానీ ఇవ్వాలి. అంటే తప్పు లేని చోట కూడా భారం ఎవరో ఒకరు మోయాలని చట్టం ఒప్పుకుంటోంది.

ఇక ఆ రెండో డ్రైవర్ సంగతి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాల్ ఉంటే 185వ సెక్షన్, మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. అదే మనిషి, అదే మందు, అదే రోడ్డు, ఎదురుగా ఒకడు అడ్డం వచ్చి చనిపోతే ఐదేళ్ల దాకా. ఇలా చేస్తే మనుషులు చావొచ్చని తెలిసి కూడా నడిపాడని కోర్టు అనుకుంటే హత్య కాని నరహత్య కిందికి వెళ్తుంది, పదేళ్ల దాకా పడొచ్చు. 2006లో ముంబై కార్టర్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద పడుకున్న ఏడుగురు చనిపోయిన కేసులో, కింది కోర్టు నిర్లక్ష్యం కింద ఆరు నెలలు వేస్తే, హైకోర్టు దాన్ని నరహత్యగా మార్చి మూడేళ్లు చేసింది, 2012లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. చేసిన పని అంతా ఒకటే, ఫలితం మారితే శిక్ష మారుతుంది. ఇది న్యాయమా అని నన్ను అడిగితే, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు పూర్తిగా మింగుడుపడదు.

బోర్డు_మీద_సుద్ద

డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెప్తాను. మీ ప్రశ్న చదవగానే ఒళ్లు జలదరించింది, ఎందుకంటే 1976లో బెర్నార్డ్ విలియమ్స్ అనే ఇంగ్లిష్ తత్వవేత్త ఇదే ఉదాహరణ తీసుకున్నాడు: ఏ తప్పూ లేకుండా ఒక లారీ డ్రైవర్ బండి కింద పిల్లాడు పడతాడు. ఆ చర్చలోనే థామస్ నేగెల్ అనే ఇంకో తత్వవేత్త రెండో డ్రైవర్‌ని తీసుకొచ్చాడు. తాగి బండి ఫుట్‌పాత్ ఎక్కించినవాడికి అక్కడ ఎవరూ లేకపోతే అదృష్టం, ఉంటే హంతకుడు. మన చేతిలో లేనిది మన మంచిచెడ్డలను నిర్ణయించొచ్చా అన్నది నేగెల్ ప్రశ్న. లాయర్ గారు మింగుడుపడదన్నది దాన్నే.

విలియమ్స్ గమనించింది చాలా సున్నితమైన విషయం. ఆ ప్రమాదం చూసినవాళ్లందరూ బాధపడతారు. కారులో తీసుకెళ్లినవాడు బాధపడతాడు, రోడ్డు పక్కన టీ కొట్టువాడు బాధపడతాడు. కానీ డ్రైవర్ బాధ వాళ్ల బాధకు పెద్ద సైజు కాదు, అది వేరే రకం. వాళ్లకు "అయ్యో ఇలా జరిగిందే" అని ఉంటుంది, ఆయనకు "ఇది నా చేతుల మీదుగా జరిగిందే" అని ఉంటుంది. నేరం చేశానన్న పశ్చాత్తాపం కూడా కాదది, రెంటికీ మధ్యలో ఉన్నది. మనం ఆయన్ని ఓదార్చాలి, ఓదార్చడం సరైన పనే. కానీ "అవును, నా తప్పేం లేదు, ఇంక వెళ్తా" అని ఆయన మరీ తేలిగ్గా దులుపుకుని వెళ్లిపోతే మనకే ఏదోలా ఉంటుంది, ఆ మనిషి మీద చిన్న అనుమానం వస్తుంది. మీ బాబాయి గురించి మీకు ఆ అనుమానం ఎప్పుడైనా వచ్చిందా? రాలేదు కదా. ఆయన తేరుకోకపోవడాన్ని మీరంతా జబ్బుగా చూస్తున్నారు. నాకైతే అందులో చాలా భాగం ఆరోగ్యమే అనిపిస్తోంది.

తప్పు వేరు, కర్త కావడం వేరు. డొనాల్డ్ డేవిడ్‌సన్ అనే తత్వవేత్త 1963లో ఒక ఉదాహరణ చెప్పాడు: ఒకడు స్విచ్ వేశాడు, లైటు వెలిగింది, గదిలో వెలుగొచ్చింది, అతనికి తెలియకుండానే బయట నక్కి ఉన్న దొంగ జాగ్రత్తపడ్డాడు. ఇవి నాలుగు పనులు కావు, ఒకే పని, నాలుగు రకాలుగా చెప్పొచ్చు. లైటు వేయడం కావాలని చేసింది, దొంగను హెచ్చరించడం కావాలని చేసింది కాదు, అయినా హెచ్చరించింది అతనే. మీ బాబాయి కూడా ఆ క్షణంలో కావాలని చేసింది బ్రేకు తొక్కడం, స్టీరింగ్ పక్కకి తిప్పడం. ఆ పిల్లాణ్ని తగిలింది కూడా ఆయన నడుపుతున్న బండే, ఆయన ప్రయాణమే. "నువ్వేం చేయలేదు" అని మీరన్నప్పుడు ఆయనకు అది అబద్ధంలా వినిపిస్తుంది. "నీ తప్పు లేదు" అనండి, అది నిజం.

పాలి_పాఠకుడు

సుద్ద గారితో ఒప్పుకోను. బౌద్ధంలో దీనికి సూటి సమాధానం ఉంది. బుద్ధుడి మాటల పాలి సంకలనం అంగుత్తర నికాయంలో బుద్ధుడు చేతననే కర్మ అంటాను అన్నాడు, అంటే మనసులో పెట్టుకుని చేయడం. చేతన లేని చోట కర్మ లేదు, మోయాల్సిందీ లేదు. ధమ్మపదం మొదటి గాథకు చెప్పే కథే ఇది. చక్ఖుపాలుడనే గుడ్డి భిక్షువు వాన వెలిసిన తర్వాత అటూ ఇటూ నడుస్తుంటే కాళ్ల కింద పురుగులు చచ్చిపోయాయి. మిగతా భిక్షువులు వెళ్లి ఫిర్యాదు చేశారు. ఆయన చంపడం మీరు చూడలేదు, ఆయన పురుగులను చూడలేదు, చంపాలన్న ఆలోచన లేదు కాబట్టి దోషం లేదు అన్నాడు బుద్ధుడు. అలాంటిదే ఇంకో సంకలనం మజ్ఝిమ నికాయంలో ఉపాలి సుత్తం చదివితే నిగంఠులతో, అంటే జైనులతో వాదమే దీని మీద. శరీరంతో చేసింది బరువా, మనసుతో చేసింది బరువా? బుద్ధుడు మనసుదే బరువన్నాడు. ఆ లెక్కన రోజూ తాగి బండెక్కేవాడిది బరువు, ఎవరూ చావకపోయినా సరే. మీ బాబాయి మీద ఏమీ లేదు. ఆయన తనను తాను హింసించుకుంటున్నాడు, దాన్ని గొప్పతనం అని మెచ్చుకుంటే ఆ మనిషికి ఇంకో దెబ్బ వేసినట్టే.

బోర్డు_మీద_సుద్ద

పాలి గారూ, రెండో డ్రైవర్ విషయంలో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. మొదటి విషయంలోనే తేడా. మీ కథ పక్కన మనకు బాగా తెలిసిన ఇంకో కథ పెట్టి పోల్చి చూడండి. వాల్మీకి అయోధ్యకాండలో, రాముడు అడవికి వెళ్లాక దశరథుడు కౌసల్యకు చెప్పుకున్నది. వానాకాలం రాత్రి, సరయూ ఒడ్డు, చీకట్లో కుండ మునుగుతున్న చప్పుడును ఏనుగు నీళ్లు తాగుతున్న చప్పుడనుకుని బాణం వేశాడు. తగిలింది గుడ్డి తల్లిదండ్రుల కొడుకుకి. దశరథుడికి చంపాలన్న ఉద్దేశం లేదు. కానీ కనపడని దాని మీద బాణం వేయడం నిర్లక్ష్యం, ఆ విధంగా ఆయన మీ బాబాయి కంటే కచ్చితంగా దోషి.

ఆ తర్వాత ఏం చేశాడన్నది నాకు ముఖ్యం. ఆ రాత్రి ఎవరూ చూడలేదు, పారిపోవచ్చు. పారిపోలేదు. ఆ కుండలో నీళ్లు నింపుకుని ఆ ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి, నేను మీ అబ్బాయిని కాదు, దశరథుణ్ని, ఇలా జరిగింది అని తనే చెప్పాడు. ఆ తండ్రి అన్నది ఇదీ: నువ్వే వచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల లక్ష ముక్కలయ్యేది, తెలియక చేశావు కాబట్టి ఇంకా బతికి ఉన్నావు. అంటే ఉద్దేశం లేకపోవడం లెక్కలోకి వచ్చింది, చాలా పెద్దగా వచ్చింది, కానీ అది మొత్తం లెక్క కాదు. ఎదుటివాళ్లకు వెళ్లి చెప్పాల్సిన బాకీ ఒకటి మిగిలింది. చక్ఖుపాలుడి కథలో ఆ ఎదుటివాళ్లు లేరు, పురుగులకు ఇల్లూ తల్లీ ఉన్నట్టు ఆ కథ చెప్పదు. ఇక్కడ ఉన్నారు.

న్యూరాన్_నాని

మీరంతా "కర్త" ఒకడున్నాడని ముందే ఒప్పేసుకుని మాట్లాడుతున్నారు. 1983లో బెంజమిన్ లిబెట్ అనే మెదడు శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో మనిషికి "ఇప్పుడు చేయి కదుపుదాం" అనిపించడానికి దాదాపు మూడో వంతు సెకను ముందే మెదడులో సన్నాహం మొదలైందని తేలింది. నిర్ణయం మెదడు తీసుకుంది, మనకు తర్వాత తెలిసింది. అలాంటప్పుడు బాబాయి లేడు, తాగుబోతు డ్రైవరూ లేడు, అందరూ అమాయకులే. బాధ్యత అనేది పాత అలవాటు.

బోర్డు_మీద_సుద్ద

నానీ, లిబెట్ కొలిచింది ఏ కారణమూ లేకుండా, బుద్ధి పుట్టినప్పుడు మణికట్టు కదపడాన్ని. ఆ "సన్నాహం" అసలు నిర్ణయం కాకపోవచ్చు, మెదడులో ఎప్పుడూ ఉండే ఒడిదుడుకులు ఒక గీత దాటడమే అలా కనిపిస్తుండొచ్చని 2012లో షుర్గర్ అనే పరిశోధకుడి బృందం చూపించింది. ఆ వాదన ఇంకా నడుస్తోంది. అదలా ఉంచితే, బండి నడపడం మణికట్టు కదపడం లాంటిది కాదు. తాగి ఎక్కడమా మానడమా అన్నది ఆ మూడో వంతు సెకనులో జరగదు. సాయంత్రం దాబా దగ్గర జరుగుతుంది, అంతకు ముందు ఏళ్ల తరబడి అలవాటులో జరుగుతుంది. అరిస్టాటిల్ దీన్ని ఎప్పుడో చెప్పాడు: తాగినవాడికి ఆ క్షణంలో ఒళ్లు తెలియకపోవచ్చు, కానీ తాగకుండా ఉండటం అతని చేతిలోనే ఉంది కదా. అందుకే తాగి నేరం చేస్తే రెట్టింపు శిక్ష వేసేవాళ్లని కూడా రాశాడు.

అయితే నీ మాటలో ఒక నిజం ఉంది, దాన్ని వదిలిపెట్టను. ఒక పనికి మనిషి ఒక్కడే కారణం కాడు. గీత 18వ అధ్యాయంలో ప్రతి పనికీ ఐదు కారణాలు లెక్కపెడతారు: చోటు, కర్త, పనిముట్లు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. తానొక్కడే కర్తననుకునేవాడు సరిగ్గా చూడట్లేదంటుంది. కర్త లేడనలేదు, ఒక్కడే కాదంది. మీ బాబాయికి చెప్పాల్సింది అదే అనుకుంటా.

స్టీరింగ్_సీనన్న

ఆ ఐదిట్లో చోటు అన్నారు చూడండి, దాని గురించి నేను చెప్తా. నేను లారీ నడుపుతా, అదే రోడ్డులో కూడా తిరిగిన. ఊరి మధ్యలోంచి పెద్ద రోడ్డు పోతది, సర్వీస్ రోడ్డు ఉండదు, పిల్లలు బడికి పోవాలంటే ఆ రోడ్డు దాటాల్సిందే. డివైడర్‌కి ఎక్కడ పడితే అక్కడ సందు కొట్టుకుంటరు, ఎందుకంటే అండర్‌పాస్ దాకా పోవాలంటే చాలా దూరం. పిల్లాడు పక్క దారిలోంచి వచ్చిండు అంటున్నరు, ఆ దారి మూలమీద చెట్టో, కొట్టో, ఆగిన బండో అడ్డం ఉండే ఉంటది. డ్రైవర్‌కి కనపడేసరికి టైర్ల ముందే ఉంటరు. ఆ రోడ్డు అలా వేసినోళ్లు కూడా రాత్రి హాయిగా పడుకుంటున్నరు, వాళ్ల మీద ఏ కేసూ లేదు.

ఇంకోటి. మోటారు ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం 1961లో వచ్చింది, 2025లో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా ఉండె, అందులో రోజుకు 8 గంటలు, వారానికి 48 అని రాసి ఉండె. మాకు ట్రిప్పు లెక్కన డబ్బు, బత్తా తినంగా మిగిలింది ఇంటికి. గంటలు చూసుకుంటే ఇల్లు గడవదు. బాబాయి ఆ రోజు నిద్రపోయి ఎక్కిండు కాబట్టి బయటపడ్డడు, తెల్లారేదాకా నడిపి ఉంటే అదే ప్రమాదంలో దోషి అయ్యేటోడు, ఓనర్ పేరు ఎక్కడా వచ్చేది కాదు. తాగి నడిపేటోణ్ని నేను వెనకేసుకురాను, వాడి మీద ఓనర్‌కి చెప్పండి తమ్ముడూ, ఈ రోజే చెప్పండి. ఫిలాసఫీ తర్వాత.

సూర్యాపేట_అబ్బాయి

సీనన్నా, నిన్న రాత్రే ఓనర్‌కి ఫోన్ చేశాను. చూస్తానన్నాడు. వదలను, మళ్లీ చేస్తా.

సుద్ద గారూ, మీరు రాసింది బాబాయికి చదివి వినిపించాను. "నీ తప్పు లేదు, కానీ జరిగింది నీ చేతుల మీదుగా" అన్న దగ్గర మొదటిసారి ఆయన నోరు విప్పాడు. ఆ రోజు ఒక చోట టీకి ఆగాడట. ఆగకపోయి ఉంటే ఆ పిల్లాడు రోడ్డెక్కే టైముకి తను దాటిపోయేవాడు. అదే ఆయన్ని తినేస్తోంది, టీ. దీనికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

ఇంకో విషయం కూడా ఇప్పుడే చెప్పాడు. ఆ పిల్లాడి అమ్మ ఈ మధ్య ఒకరితో కబురు పెట్టిందట, డబ్బు వద్దు, సంవత్సరీకానికి కూడా రావొద్దు, మిమ్మల్ని చూస్తే మళ్లీ మొదటికొస్తోంది అని. ఆయనకి అది తట్టుకోవడం ఇంకా కష్టంగా ఉంది. వెళ్లకపోతే పారిపోయినట్టే కదా అంటాడు.

బోర్డు_మీద_సుద్ద

టీ సంగతి ముందు. టీకి ఆగడం ప్రమాదానికి ఒక కారణమే, కాదనలేం. కానీ అలా చూస్తే ఆ కారణాలకు అంతే ఉండదు: లోడు ఆలస్యం చేసిన హమాలీలు, ఆ రోజు సైకిల్ ఇచ్చి పంపినవాళ్లు, టోల్ గేటు దగ్గర లైను. ఇవన్నీ జరగకపోయి ఉంటే అది జరిగేది కాదు, అయినా వీళ్లలో ఎవరినీ మనం బాధ్యుల్ని చేయం. ఎందుకంటే టీ తాగేటప్పుడు ఆ మనిషికి తెలిసిన దాంట్లో, తెలుసుకోగలిగిన దాంట్లో ఆ పిల్లాడు లేడు. అలసిపోయినప్పుడు ఆగి టీ తాగడం జాగ్రత్తగల డ్రైవర్ చేయాల్సిన పని కూడా. సీనన్నలాంటి డ్రైవర్ నోటితో ఆ మాట చెప్పించండి, నాకంటే ఆయన చెప్తే వింటారు. స్టీరింగ్ పట్టుకున్న చేతులు మీ బాబాయివే, అది ఆయన మోస్తారు, మోయనివ్వండి. టీ మాత్రం ఆ బరువులో లేదు, దాన్ని దించేయాలి.

నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం లాంటివి ఉంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, పాలి గారు భయపడింది అందులో నిజమే. బాధ సరైనదే అయినా మనిషిని పడగొట్టేంత ఉండనక్కర్లేదు.

ఇక ఆ తల్లి కబురు. దశరథుడు వెళ్లి చెప్పాడన్నాను, కానీ ఆ ముసలివాళ్లు కొడుకు దగ్గరికి తీసుకెళ్లమంటే తీసుకెళ్లాడు, వాళ్లు అడిగింది చేశాడు. అప్పుడు చెప్పాల్సింది మీ బాబాయి చెప్పేశారు, ఆసుపత్రిలో నిలబడ్డారు, పోలీసుల ముందు నిలబడ్డారు. అది అయిపోయింది. ఇప్పుడు ఆవిడ రావొద్దంటోంది. ఆయనకు ఆ కుటుంబానికి ఏదో చేయాల్సింది ఉందని ఒప్పుకున్నాను, కానీ ఆవిడ గుమ్మం దగ్గర నిలబడే హక్కు దాంతో పాటు రాదు. వెళ్తే ఆయన మనసు కుదుటపడొచ్చు, ఆవిడది చెదిరిపోతుంది. వెళ్లకూడదు. డబ్బు ఇవ్వాలనే ఉంటే ఆ ఊరి బడి పిల్లలు రోడ్డు దాటే చోట స్పీడు బ్రేకర్లకో, లైటుకో, పంచాయతీ వాళ్లను పట్టుకుని హైవే అధికారులకు అర్జీ పెట్టించి, దాని వెనకాల తిరగమనండి. పేరు చెప్పుకోనక్కర్లేదు. సీనన్న చెప్పిన ఆ మూల ఎలా ఉందో మీ బాబాయి కంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

స్టీరింగ్_సీనన్న

నంబర్ మెసేజ్‌లో పంపు తమ్ముడూ. ఆదివారం బండి దిగుతా, బాబాయితో మాట్లాడతా.